మూడు పంతొమ్మిదులు: మిద్దె తోటలో ఏడాది పాటు వాడి చూసిన ఎరువు

కిందటి ఏడాది దసరా వెళ్లిన వారంలో, గులాబీలకు కొమ్మ కత్తిరింపులు మొదలుపెట్టే ముందు, నీటిలో పూర్తిగా కరిగే 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 19 శాతం చొప్పున ఉండేది) కిలో పొట్లం ఒకటి మా ఇంటికి దగ్గరలోని నర్సరీలో 210 రూపాయలకు కొన్నాను. ఈ రకం ఎరువును చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి. డ్రిప్పులో వదలడానికీ, బెట్ట పరిస్థితుల్లోనో అధిక వర్షాల తరువాతనో పైరు కోలుకోవడానికి ఆకుల మీద పిచికారి చేయడానికీ రైతులకు ఏళ్లుగా అలవాటైన సరుకు ఇది. ఎరువుల దుకాణంలో "మూడు పంతొమ్మిదులు" అని అడిగినా తీసి ఇస్తారు. నేను కొన్న పొట్లం మీది పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరు తయారుచేసినా ఈ రకంలో ఉండవలసిన పోషకాల లెక్క ఒక్కటే కనుక, నేను చెప్పబోయేది చాలావరకు అన్నింటికీ వర్తిస్తుంది.

సికింద్రాబాదులో మా మేడ మీద నలభై కుండీలున్నాయి. వాటిలో పన్నెండు గులాబీలు, ఎనిమిది చామంతులు, ఆరు మల్లెలు, నాలుగు మందారాలు, రెండు కాగితపు పూల చెట్లు, మిగిలినవి కనకాంబరాలు, నందివర్ధనాలు. గులాబీలన్నీ కడియం నర్సరీల నుంచి వచ్చిన అంట్లే. అంతకుముందు నాలుగేళ్లుగా వర్మీ కంపోస్టు, వేపపిండి తప్ప మరొకటి వేసి ఎరగను. మొక్కలు బతికాయి, పూలు కూడా పూశాయి, కాని ఒక్కొక్క గులాబీకి ఏడాదికి పదో పన్నెండో పూలు పూసి ఊరుకోవడం చూసి, లోపం ఎక్కడో పోషణలోనే ఉందనిపించి ఈ పొట్లం తెచ్చుకున్నాను.

"ఇది వేసి చూడండి మేడమ్, ఆకు కనబడకుండా పూలే పూస్తాయి" అన్నాడు నర్సరీ కుర్రవాడు. పొట్లం ముందు వైపు అచ్చువేసిన బొమ్మ కూడా అదే మాట చెబుతోంది. ఈ సమీక్షలో నేను మొదట సరిదిద్దవలసింది ఆ మాటనే, ఎందుకంటే ఈ ఎరువులో అన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే స్పష్టంగా పని చేసేది నత్రజని, నత్రజని మొదట పెంచేది ఆకును. ఆకు పచ్చదనానికి మూలమైన పత్రహరితపు అణువు ఒక్కొక్కదానిలో నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. మొక్కలోని ప్రతి మాంసకృత్తుకూ నత్రజని కావాలి. అది చాలకపోతే మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని వెనక్కి తీసుకుని చిగుళ్లకు పంపుతుంది. అందుకే నత్రజని లోపం ఎప్పుడూ కింది ఆకుల్లో, ఆకు మొత్తం సమంగా పాలిపోవడంతో బయటపడుతుంది. మా గులాబీలకు నాలుగేళ్లుగా ఉన్న జబ్బు అదే. కింది ఆకులు పసుపుబారి రాలిపోతుంటే నీళ్లు ఎక్కువయ్యాయని అనుకుంటూ వచ్చాను.

అయితే పూలకూ నత్రజనికీ సంబంధం లేదని దీనర్థం కాదు. గులాబీ కొత్తగా వచ్చిన కొమ్మ చివరనే పూస్తుంది. కొత్త కొమ్మ రావాలంటే నత్రజని కావాలి. కొమ్మ బలంగా, ఆకులు నిండుగా ఉంటేనే మొగ్గకు ఆహారం అందుతుంది. మల్లె, మందారాల పద్ధతి కూడా ఇదే. కాబట్టి పూల మొక్కకు నత్రజని ఇవ్వాలా అని ప్రశ్నించుకోవడంలో ప్రయోజనం లేదు, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నదే తెలియాలి. పొట్లం మీద ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదు.

ముందు వైపున్న మూడు అంకెల కంటే వెనుక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పట్టిక నాకు ఎక్కువ ఉపయోగపడింది. మన దేశంలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎరువులోని పోషకాల శాతాన్ని పొట్లం మీద ముద్రించాలి. నా పొట్లం మీద మొత్తం నత్రజని 19 శాతం అని రాసి, దాన్ని మళ్లీ మూడుగా విడగొట్టారు: యూరియా రూపంలో 10.5, అమ్మోనియా రూపంలో 4.5, నైట్రేటు రూపంలో 4 శాతం. అంటే సగానికి పైగా యూరియానే. వేళ్లు వెంటనే, తేలికగా పీల్చుకునేది నైట్రేటు. అమ్మోనియా రూపం మట్టి రేణువులకు అంటిపెట్టుకుని నిదానంగా అందుతుంది. యూరియా మాత్రం మట్టిలోని యూరియేజ్ అనే ఎంజైము చేత ముందు అమ్మోనియాగా మారి, ఆ తరువాత రెండు రకాల బాక్టీరియా చేతులు మారి నైట్రేటు కావాలి. ఎండాకాలంలో ఈ పని చకచకా సాగుతుంది. డిసెంబరులో రాత్రి వేడిమి 12 డిగ్రీల దాకా పడిపోయే మా ఊళ్లో బాగా మందగిస్తుంది. చలికాలంలో ఈ ఎరువు వేసి వారం తిరగకుండానే "పని చేయడం లేదు" అని మరో చెంచా వేసేవారు ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. ముందు వేసిందీ, తరువాత వేసిందీ కలిసి ఫిబ్రవరిలో ఒక్కసారిగా మీద పడతాయి.

ఆ మూడు పంతొమ్మిదుల్లో ఇంకొక తిరకాసు కూడా ఉంది. నత్రజనిని మూలకంగానే లెక్కవేస్తారు గాని, భాస్వరాన్నీ పొటాషియాన్నీ ఆక్సైడుల రూపంలో, అంటే ఆక్సిజన్ బరువును కూడా కలిపి, చూపించడం ఎరువుల వ్యాపారంలో పాత ఆచారం. విడదీసి చూస్తే 19 శాతం భాస్వరం అన్నచోట అసలు భాస్వరం 8.3 శాతమే; పొటాషియం 15.8 శాతం. మరి ఇంత చేసినా భాస్వరం పూల మొక్కకు ఎక్కువేనని నా అభిప్రాయం. ఆరోగ్యంగా ఉన్న గులాబీ ఆకును ఎండబెట్టి పరీక్షిస్తే నత్రజని సుమారు 3 నుంచి 4 శాతం, భాస్వరం 0.2 నుంచి 0.3 శాతం ఉంటాయి. అంటే మొక్క పదింతలకు పైగా నత్రజని వాడుకుంటుంటే, ఈ ఎరువు రెండు పాళ్లకు కాస్త అటూ ఇటూగా ఒక పాలు భాస్వరం పోస్తోంది. నత్రజని మిగిలితే నీళ్లతో కొట్టుకుపోతుంది. భాస్వరం కుండీలోనే పేరుకుంటుంది, పేరుకుని ఇనుము అందకుండా అడ్డం పడుతుంది. "పూలు రావాలంటే భాస్వరం దండిగా వేయాలి" అనే మాట నర్సరీల్లో వేదవాక్యంలా చలామణీ అవుతోంది గాని, భాస్వరం కొరత లేని కుండీలో దాన్ని ఎంత పెంచినా పూలు పెరగవు.

ఇక వాడి చూసిన సంగతికి వస్తాను. అక్టోబరులో పన్నెండు గులాబీలనూ ఒకే రోజున కత్తిరించాను. అన్నీ పన్నెండు అంగుళాల కుండీలే, అన్నిటిలోనూ ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కొబ్బరి పొట్టు ఒకే పాళ్లలో ఉన్నాయి. ఆరింటికి వారానికొకసారి లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఈ ఎరువు కలిపి కుండీకి అరలీటరు పోశాను. మిగిలిన ఆరింటికి పక్షానికొకసారి కుండీకి 10 గ్రాముల లెక్కన పల్లి చెక్క నాలుగు రోజులు నానబెట్టి, పల్చన చేసి పోశాను. మేడ మీద ఆ నీళ్లు పోసిన రోజు వాసనకు కింది వాటావారు కిటికీలు మూసుకున్నారన్నది కూడా సమీక్షలో చేరవలసిన విషయమే.

మూడో వారానికి తేడా కంటికి కొట్టినట్టు కనబడింది. పొట్లం ఎరువు తాగిన వాటిలో చిగురు జానెడు పొడవుకు వచ్చింది. ముదురు ఎరుపులో విచ్చుకున్న లేతాకు అయిదారు రోజుల్లో పచ్చబారి, చేత్తో పట్టుకుంటే తోలులా మందంగా తగిలింది. చెక్క నీళ్లు తాగినవి అప్పటికి బెత్తెడు దగ్గర ఉన్నాయి. మొదటి వరుసలో నలభై నాలుగో రోజున తొలి పువ్వు విచ్చింది, రెండో వరుసలో మరో వారం పట్టింది. ఇంతవరకు పొట్లానిదే పైచేయి. కాని డిసెంబరు నడిమిలో ఒక ఉదయం మొగ్గలను దగ్గరగా చూస్తే, పొట్లం వరుసలో నాలుగు కుండీల్లో మొగ్గ మెడ చుట్టూ పచ్చని పేనుబంక పెచ్చుకట్టి ఉంది, కింది ఆకుల మీద దాని జిగురు మెరుస్తోంది. చెక్క వరుసలో ఒక్క కుండీకే అంటింది, అది కూడా పక్కనున్నదే. నత్రజని ఎక్కువైన చిగురు మెత్తగా, రసభరితంగా ఉండి రసం పీల్చే పురుగులకు విందవుతుందని చదివిందే, కాని కళ్లారా చూసింది అదే మొదటిసారి. సంక్రాంతి నాటికి లెక్కవేస్తే రెండు వరుసల్లోనూ పూల సంఖ్య దాదాపు సమానంగా తేలింది. పొట్లం పూలు పెద్దవి. వాటిలో కొన్ని మెడ నిలబడక వాలిపోయాయి. చెక్క పూలు కాస్త చిన్నవి, నిటారుగా నిలిచాయి.

ఈ పోలికలో పొట్లానికి న్యాయం చేయాలంటే ఒక లెక్క చెప్పాలి. పల్లి చెక్కలో నత్రజని సుమారు 7 శాతం. పక్షానికి 10 గ్రాముల చెక్కతో కుండీకి చేరింది 0.7 గ్రాములు, పొట్లంతో అదే పక్షంలో చేరింది 0.38 గ్రాములు. తక్కువ నత్రజనితోనే పొట్లం ముందు పరిగెత్తింది, ఎందుకంటే చెక్కలోని మాంసకృత్తు కుళ్లి, విడిపోయి, మొక్కకు అందే రూపానికి రావడానికి వారాలు పడుతుంది. వేపపిండిలో నత్రజని 5 శాతం దాకా ఉంటుంది, వర్మీ కంపోస్టులో ఒకటి, ఒకటిన్నర శాతం. ఇవి మట్టిని బాగుచేసే పనికి మేలైనవే గాని, కత్తిరించిన మొక్కకు చిగురు తొందరగా తెప్పించాలంటే సరిపోవు. నాలుగేళ్లుగా నేను చేస్తున్న తప్పు ఇదే.

యూరియా సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. ఊళ్లో పొలమున్న బంధువుల దగ్గర నుంచి గుప్పెడు తెచ్చుకుని కుండీల్లో చల్లేవారు మా కాలనీలోనే ఉన్నారు. 45 కిలోల వేపపూత యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది కనుక ఖర్చు లెక్కలో దానితో ఏ పొట్లమూ పోటీ పడలేదు. కాని అందులో నత్రజని 46 శాతం. ఒక టీస్పూను, అంటే అయిదు గ్రాములు వేస్తే 2.3 గ్రాముల నత్రజని ఒక్కసారిగా పడుతుంది. పొట్లంలో అది 12 గ్రాములతో సమానం. ఎకరం పొలంలో చేయి తిరిగినంత మాత్రాన అదే చేయి కుండీలో పనికిరాదు.

నాకు అసలు కోపం తెప్పించింది మోతాదు. పొట్లం వెనుక ఎకరాకు ఇన్ని కిలోలని, పిచికారికి లీటరుకు 5 గ్రాములని రాసి ఉంది. కుండీలకు ఎంత వేయాలన్న మాటే లేదు, కొలత చెంచా లేదు, నర్సరీలో అడిగితే "ఒక చెంచా వేయండి" అన్నారు. ఏ చెంచా? మే నెలలో ఒకనాటి సాయంత్రం, బద్ధకించి, పిచికారికి చెప్పిన ఆ 5 గ్రాముల మోతాదునే ఎండిన మల్లె పాదుల్లో పోశాను. మూడో రోజుకు ఆకుల కొనలు, అంచులు గోధుమరంగుకు తిరిగి, వేళ్లతో నలిపితే అప్పడంలా విరిగాయి. ఎరువు కూడా ఒక రకం లవణమే. మట్టి పొడిగా ఉన్నప్పుడు చిక్కటి ద్రావణం పడితే వేరు నీటిని పీల్చలేకపోగా ఉన్న నీటిని పోగొట్టుకుంటుంది. కుండీ అడుగు నుంచి నీళ్లు ధారగా కారేటట్టు మూడుసార్లు మంచినీళ్లు పోసి కడిగితే నాలుగు దక్కాయి, రెండు మోడువారి మళ్లీ వానల్లో చిగిర్చాయి. తప్పు నాదే. అయినా ఇంటి తోటలవారికి కిలో పొట్లాలు అమ్ముతూ కుండీ మోతాదు రాయకపోవడం కంపెనీకి తగదు.

ఆ లెక్క నేను వేసి చెబుతాను. లీటరుకు 1 గ్రాము కలిపితే 190 మిల్లీగ్రాముల నత్రజని వస్తుంది. పాలీహౌసుల్లో ప్రతి తడిలోనూ ఎరువు కలిపి ఇచ్చే పూల రైతులు సాధారణంగా లీటరుకు 100 నుంచి 200 మిల్లీగ్రాముల మధ్య ఉంచుతారు. మనం వారానికో పక్షానికో ఒకసారి ఇస్తాం గనుక లీటరుకు 2 గ్రాములు, అంటే 380 మిల్లీగ్రాముల దాకా వెళ్లవచ్చు. అంతకు మించి పోవలసిన అవసరం నాకు ఏడాదిలో ఎన్నడూ రాలేదు. ముందు రోజు మామూలు నీళ్లు పోసి, మట్టి తడిగా ఉన్నప్పుడే ఎరువు నీళ్లు పోయాలి. వంటింటి తరాజు లేనివారు టీస్పూను గీకి కొలిస్తే సుమారు 5 గ్రాములు వస్తుంది, దాన్ని రెండున్నర లీటర్లకు కలుపుకోవచ్చు. ఈ మోతాదులో, కుండీకి అరలీటరు చొప్పున నలభై కుండీలకు ఒక విడతకు 40 గ్రాములు చాలు. కిలో పొట్లం పాతిక విడతలు వస్తుంది. ఆ లెక్కన 210 రూపాయలు ఏమాత్రం ఎక్కువ కాదు.

అన్ని మొక్కలకూ ఒకే పద్ధతి పనికిరాదని కాగితపు పూల చెట్లు నాకు నేర్పాయి. తెలియక వాటికి కూడా పక్షానికొకసారి పోస్తూ వచ్చాను. ఫిబ్రవరిలో వీధిలో ప్రతి గోడ మీదా రాణీరంగు పూలు విరగబూస్తుంటే మావి రెండూ గోరింట కంచెల్లా పచ్చగా, ఏపుగా, ఒక్క పువ్వు లేకుండా నిలబడ్డాయి. ఎరువు మానేసి, ఆకు వడలేదాకా నీళ్లు కూడా బిగబట్టిన తరువాత, మార్చి చివర మొదటి గుత్తి కనబడింది. మందారాల్లో పూలు తగ్గలేదు గాని పిండినల్లి రెట్టింపయింది.

మల్లెల విషయంలో మాత్రం, మే నెల పొరపాటును పక్కన పెడితే, ఈ ఎరువు పెట్టిన డబ్బుకు పదింతలు తిరిగి ఇచ్చింది. డిసెంబరు చివర రెండు వారాలు నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, మళ్లీ తడి ఇచ్చిన తరువాత మొదటి చిగురు మినపగింజంత కనబడగానే పక్షానికొకసారి మూడు విడతలు పోసి ఆపేశాను. మల్లె కొత్త కొమ్మల చివర్లలో మొగ్గ తొడుగుతుంది గనుక ఎన్ని పిలకలు వస్తే అన్ని మొగ్గలు. మార్చి రెండో వారం నుంచి రోజూ సాయంత్రం మూర కట్టడానికి సరిపడా కోశాను.

చామంతికి మరో రకం జాగ్రత్త కావాలి. అది రాత్రుల పొడవును బట్టి మొగ్గ తొడిగే మొక్క, ఎరువు ఎంత వేసినా తన ఋతువు రాకుండా పూయదు. జూలై, ఆగస్టుల్లో తలలు తుంచి పిలకలు పెంచే రోజుల్లో ఈ ఎరువు చక్కగా పని చేస్తుంది. మొగ్గ కంటికి కనబడిన తరువాత కూడా ఇదే పోస్తే కాడలు సాగి, పొదలు పక్కకు పడిపోతాయి. ఆ దశ నుంచి నేను 13-0-45కు మారాను. అందులో కూడా 13 శాతం నత్రజని ఉంది, అదంతా నైట్రేటు రూపమే కనుక చలిలో కూడా అందుతుంది. పొటాష్ దానికి మూడున్నర రెట్లు. గులాబీలకు కూడా మొగ్గ సెనగగింజంత కాగానే ఇదే మార్పు చేస్తున్నాను. మొగ్గ దశలో నత్రజనిని పూర్తిగా ఆపవలసిన పని లేదు, దాని పాలు తగ్గితే చాలు.

పొట్లంలో లేనివాటిని కూడా చెప్పాలి. కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. మా బోరు నీళ్లలో కాల్షియానికి కొదవ లేదు గనుక నాకు ఇబ్బంది రాలేదు, పైగా అమ్మోనియా, యూరియా రూపాల నత్రజని మట్టిని కొద్దిగా ఆమ్లం వైపు తిప్పుతుంది కాబట్టి ఉప్పు నీళ్ల ఇళ్లకు అదొక మేలు. వాన నీళ్లో ఫిల్టరు నీళ్లో పోసేవారు కాల్షియం నైట్రేటు విడిగా ఇచ్చుకోవాలి. విడిగా అని ఎందుకంటున్నానంటే, ఒకసారి రెండూ ఒకే చెంబులో చిక్కగా కలిపాను. చూస్తుండగానే నీళ్లు పాలవిరుగుడులా తెల్లబడి, అడుగున సున్నంలాంటి మడ్డి దిగింది. భాస్వరం, కాల్షియం ఒకదాన్నొకటి పట్టుకుని కరగని పదార్థమైపోయాయి. కాబట్టి ఒక వారం ఇది, మరో వారం అది. అలాగే లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది నత్రజని లోపం కాదు, ఇనుము అందడం లేదని గుర్తు. అప్పుడు ఈ ఎరువు పోస్తే జబ్బు ముదురుతుంది.

నిల్వ విషయంలో సరుకు పేలవంగా ఉంది. పొట్లానికి మళ్లీ మూసుకునే జిప్పు లేదు. రబ్బరు బ్యాండు చుట్టి మెట్ల కింద పెట్టిన పొట్లం జూలై వానలకు చెమ్మ పీల్చి బెల్లపు అచ్చులా గట్టిపడింది. సుత్తితో కొట్టి వాడాను. కరగడంలోను, పని చేయడంలోను తేడా రాలేదు గాని గ్రాముల లెక్క కుదరలేదు. కొన్న రోజే బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకుని, పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. కరిగే గుణానికి మాత్రం పూర్తి మార్కులు: బకెట్టు అడుగున మడ్డి మిగలలేదు, నీళ్లు పోసే జారీ మూతికున్న సన్నని చిల్లులు కూడా మూసుకుపోలేదు.

పదికి ఏడు ఇస్తాను. తగ్గించిన మూడింటిలో రెండు మోతాదు రాయనందుకు, ఒకటి పొట్లానికి. అయిదారు కుండీలున్నవారికి కిలో పొట్లం దండగ, వారికి పల్లి చెక్కే మేలు. ఇరవై దాటి కుండీలుండి, కత్తిరింపుల తేదీలు రాసుకునే ఓపిక ఉన్నవారు కొనవచ్చు. ఈ దసరాకు నేను రెండో పొట్లం కొన్నాను. అరకిలోది దొరకక కిలోదే తీసుకుని, పక్కింటి పిన్నిగారితో చెరిసగం పంచుకున్నాను. ఆవిడ డబ్బా మూత మీద "2 గ్రా., తడి మట్టి, మొగ్గ వస్తే ఆపు" అని మార్కరుతో రాసి ఇచ్చాను.